నోరు పండని తాంబూలం

అనగనగా ఒక ఊళ్ళో, తెల్లవారుజామున సరిగ్గా నాలుగు గంటలకి, నాంచారమ్మ అనే కోడలు పెరుగుకుండ మీద మూత తీసి చూసింది. ఆ కాలంలో గడియారం ఎక్కడిది అమ్మమ్మా అని అడక్కండి. ఊరికి ఆనుకునే కోట ఉంది, కోట బురుజు మీద గంట కొట్టేవాడున్నాడు. వాడు నాలుగు కొట్టాడు, ఈవిడ మూత తీసింది. అంతే.

పెరుగు ఎలా తోడుకుందీ? కుండ బోర్లించినా జారనంత గట్టిగా. అయితే ఆ కుండ ఆవిడది కాదర్రా. పాలు ఆ ఊరి షావుకారువి, పొయ్యి షావుకారుది, కుండ షావుకారుది, తోడు వేసే చెయ్యి ఒక్కటే నాంచారమ్మది. ఆ చేతికి రోజుకి సోలెడు నూకలు, చెంబుడు మజ్జిగ ఇచ్చేవాళ్ళు. ఆ మజ్జిగ ఎంత పల్చనో తెలుసా? చెంబు అడుగున చీమ పాకితే దాని కాళ్ళు లెక్కపెట్టొచ్చు. ఇంట్లో రెండేళ్ళ పిల్ల, పాపాయి. అంత పెరుగు తోడేసే మనిషి కూతురికి పాల రుచి తెలీదు. ఒక్క పాడిగేదె ఉంటే చాలును కదా అనుకుంటూ ఆవిడ రోజూ ఆ మూత తీసేది, అదే అనుకుంటూ రోజూ ఆ మూత పెట్టేది.

ఊ కొడుతున్నారా? ఆఁ, గట్టిగా కొట్టండి. మీరు ఆగితే కథ కూడా ఆగి నిద్రపోతుంది.

ఆ కోటలో రాజుగారికి పెరుగన్నంతో ముగిస్తే గానీ భోజనం చేసినట్టు కాదు. కోట వంటశాలలో పెరుగేమో ఒకనాడు తీగలు సాగేది, ఒకనాడు పులిసి ముక్కులదరగొట్టేది. తోడు పెట్టే ముసలావిడ ఇక నావల్ల కాదని కూతురింటికి వెళ్ళిపోయింది. అలాంటి రోజుల్లో రాజుగారు షావుకారింటికి విందుకొచ్చి, పెరుగు వడ్డించుకుని, ఒక ముద్ద తిని, ఈ చెయ్యి ఎవరిదని అడిగారు. మర్నాడు వంటశాల పెత్తందారు భుజంగరావు దగ్గర్నుంచి కబురొచ్చింది, నాంచారమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని కోటకి వచ్చి తాంబూలం పుచ్చుకోవాలని.

తాంబూలం సంగతి చెప్పాలి మీకు. ఆ రాజ్యంలో కొలువుకి కుదిరినవాళ్ళు పెత్తందారు ఎదుట ఆకు, వక్క, సున్నం కలిపి నమలాలి. నోరు ఎర్రగా పండిందా, మాట కుదిరినట్టే. ఇంట్లో ఎవరు నమిలినా ఇల్లంతా నమిలినట్టే. మళ్ళీ ఏడాది తిరిగి కొత్త తాంబూలం పట్టేదాకా ఆ జీతం మీద ఎవరూ నోరెత్తకూడదు.

కబురు విని నాంచారమ్మ మొగుడు గురవయ్య ఎగిరి గంతేశాడు. మంచివాడే పాపం, కాకపోతే ఆకువక్క కనపడితే చెయ్యి ఆగదు. పెళ్ళయిన నాటినుంచీ ఆకుకి సున్నం రాసి, వక్క పెట్టి, చుట్టి నోటికి అందించేది నాంచారమ్మే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

అత్తగారు మాత్రం గంతెయ్యలేదు. కోడల్ని కూర్చోబెట్టి తల దువ్వుతూ చెప్పింది. ఇదిగో అమ్మాయ్, షావుకారు ఏమిస్తున్నాడని అడుగుతారు, చెప్పకు. చెబితే ఆ సోలని పట్టుకునే కొలుస్తారు. మన కష్టాలు చెప్పకు, పెరుగు గురించి చెప్పు. పనెంతో అడిగి తెలుసుకో. అప్పుడు నీకు కావలసింది ఒక్కసారి అడుగు. అడిగాక నోరు మూసుకో. అన్నిటికన్నా అదే కష్టం అంది.

మర్నాడు వెళ్ళారు. భుజంగరావు పీట మీద కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, రాజుగారి సొమ్ములో గింజ మిగిలినా తన గొప్పే అనుకునే రకం. ఎదురుగా వెండి పళ్ళెంలో తాంబూలం. రాగానే, షావుకారు ఏమిస్తున్నాడమ్మా అన్నాడు. షావుకారింట ఒక్క కుండేనండీ, దానికీ దీనికీ పోలికేముంది, ఇక్కడ పనెంతో సెలవియ్యండి అంది నాంచారమ్మ. పది కుండలన్నాడు. జీతం రోజుకి మానెడు బియ్యం, ఏడాదికి రెండు కోకలు, ముందున్నావిడకి ఇచ్చిందే నీకూను, ఇక పుచ్చుకో అన్నాడు.

మానెడు అంటే నాలుగు సోలలర్రా! అదీ నూకలు కాదు, బియ్యం! గురవయ్య అప్పుడే పళ్ళెం దగ్గరికి జరిగాడు. నాంచారమ్మ చెయ్యి కూడా పళ్ళెం వైపు కాస్త కదిలిందిట. కదిలి, ఆగింది.

"పది కుండల్లో ఎన్ని పారబోస్తున్నారండీ?" అంది.

"మూడో, నాలుగో. ఏం చేస్తాం, మా తోడు అలాంటిది."

"ఆ పారబోసే పాలు ఒక గేదె ఇచ్చే పాలకంటే ఎక్కువే కదండీ. నేనొస్తే అవి పారబొయ్యక్కర్లేదు. బియ్యం అలాగే ఇప్పించండి, కోకలూ అలాగే ఇప్పించండి. వాటితో పాటు ఒక పాడిగేదెని ఇప్పించండి."

అని, నోరు మూసుకుంది.

భుజంగరావు పకపకా నవ్వాడు. ఈవిడ మాట్లాడలేదు. "గేదెలిచ్చుకుంటూ పోతే కోటలో పేడ తప్ప ఏం మిగలదమ్మా" అని వేళాకోళం చేశాడు. మాట్లాడలేదు. కావాలంటే మూడో కోక ఇస్తానన్నాడు. మాట్లాడలేదు. నాంచారమ్మకి లోపల ఎలా ఉందనుకున్నారు? పోనీలెండి అని నోటిదాకా వస్తోంది, పాపాయి చెంబు నాకడం గుర్తొస్తోంది, వచ్చిన మాట వెనక్కి పోతోంది.

ఇంతలో కర్... కర్... కర్ మని చప్పుడు. ఏమిటా చప్పుడు? చెప్పండి చూద్దాం.

గురవయ్య! ఆ మౌనం భరించలేక, ఏం చెయ్యాలో తోచక, చేతులు వాటంతటవే పళ్ళెంలోకి పోయి, ఆకూ వక్కా నోట్లో వేసుకుని నమిలేస్తున్నాడు! భుజంగరావు చప్పట్లు కొట్టి లేచాడు. కుదిరింది, మానెడు బియ్యానికి కుదిరింది అని కేక పెట్టాడు.

నాంచారమ్మ మొహం పాలిపోయింది. మొగుడి వైపు చూసింది. పళ్ళెం వైపు చూసింది. చూసి, ఏమీ అనకుండా, వేలితో పళ్ళెం అంచుని చూపించింది. అక్కడ సున్నం ఉండ పెట్టింది పెట్టినట్టే ఉంది! ఏనాడైనా తన చేత్తో రాసుకుంటే కదా గురవయ్యకి సున్నం గుర్తుండేది? నోరు తెరవమన్నారు. తెరిచాడు. లోపల ఆకుపచ్చగా పచ్చగడ్డి మోపులా ఉంది, ఎరుపన్న మాట లేదు.

భుజంగరావు తక్కువవాడా? "ఏం పరవాలేదు నాయనా, ఇదిగో సున్నం, నాలిక మీద ఇంత రాసుకో" అని పళ్ళెం ముందుకి జరిపాడు. ఇప్పుడు గేదె ఎవరి చేతిలో ఉంది? గురవయ్య నోట్లో ఉంది. బుగ్గ నిండా ఆకు. ఉమ్మేద్దామంటే రాజుగారి కోట. పెళ్ళాం కేసి చూశాడు, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ పెదవి కదలడం లేదు. గురవయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, గుటుక్కున, ఆకూ వక్కా మొత్తం మింగేశాడు! నోట్లో ఇక పండడానికేం మిగల్లేదు, ఎక్కిళ్ళు మాత్రం పట్టుకున్నాయి.

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పరుగున కబురొచ్చింది. పెరుగు మనిషి కుదిరిందని చెబితే గానీ రాజుగారు భోజనానికి కూర్చోరట. రాజుగారు తింటే గానీ రాణిగారు తినరు. రాణిగారు తింటే గానీ మంత్రి తినడు. మంత్రి తింటే గానీ సేనాపతి తినడు. సేనాపతి తింటే గానీ మావటి తినడు. మావటి తింటే గానీ ఏనుగుకి మేత పడదు. బయట ఏనుగు ఘీంకరించింది. లోపల గురవయ్య ఎక్కిళ్ళు. మధ్యలో నాంచారమ్మ మౌనం.

భుజంగరావు తలపాగా తీసి తల తుడుచుకున్నాడు. "సరేనమ్మా, పాడిగేదె! ఇంకో పళ్ళెం పట్రండి!" అన్నాడు.

ఈసారి నాంచారమ్మే ఆకు తీసింది. తీరిగ్గా ఈనెలు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి నమిలింది. నోరు మంకెనపువ్వులా పండింది. రాజుగారు తిన్నారు, రాణిగారు తిన్నారు, మంత్రీ సేనాపతీ మావటీ తిన్నారు, ఏనుగు కూడా తినేసింది. సాయంత్రానికి గేదె ఇంటికొచ్చింది. పాపాయి మొదటి గుక్క తాగి, మూతి మీద తెల్ల మీసం పెట్టుకుని, "ఇంకా!" అంది.

అడగడం తప్పు కాదర్రా. పని తెలిసిన చెయ్యి తన విలువ తను చెప్పుకోవాలి, చెప్పాక కాస్త ఓపిక పట్టాలి. గురవయ్య కూడా ఆనాటినుంచీ తన ఆకుకి తనే సున్నం రాసుకోవడం నేర్చుకున్నాడు.

ఏంటీ, అయిపోయిందా అంటారా? ఇంకొక్క ముక్క ఉంది. పది రోజులయ్యాక కోట పశువుల కాపరి గేదెని చూసి పోదామని వచ్చి, అత్తగారితో మాటల్లో మాటగా అన్నాడు. ఆ రోజు రాజుగారు భుజంగరావుకి ముందే చెప్పి ఉంచారట, ఆవిడ అడిగితే రెండు గేదెలైనా ఇవ్వమని. రెండిటినీ కడిగి, పసుపు పూసి, కోట వాకిట్లో కట్టి ఉంచిందీ తనేనట. అత్తగారు కోడలి మొహం చూసింది, కోడలు అత్తగారి మొహం చూసింది, ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరారు. ఆ రెండో గేదె మాత్రం వచ్చే ఏడు తాంబూలం దాకా కోట వాకిట్లోనే గడ్డి మేస్తూ ఉంటుంది.