ముళ్లకంపలో సభ

ఈరన్నకు మనుషుల మీదే విసుగు పుట్టింది.

మఠం చుట్టుపక్కల తొమ్మిది మంది రైతులు తమ పొలాల్లో కొంత భాగం దున్నకుండా చిట్టడవిగానే ఉంచుకున్నారు. దాన్ని ఎలా కాపాడుకోవాలో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారని, వాళ్లను ఒకచోట కూర్చోబెట్టే పని మఠం పెద్ద తిప్పయ్య స్వామి తన శిష్యుడు ఈరన్నకు అప్పగించారు. అతను మూడుసార్లు కూర్చోబెట్టాడు. మొదటిసారి మేకల మీద తగువు. రెండోసారి గట్టురాళ్ల మీద తగువు. మూడోసారి ఇడ్లీలోకి చట్నీ చాలలేదని ఇద్దరు అలిగి వెళ్లిపోయారు. అడవి మాట ఎవరి నోటా రాలేదు.

నాలుగోసారి పిలవబోతే ఓబులపతి ముందే చెప్పేశాడు. అతని నలభై ఎకరాలే అందరికన్నా పెద్ద అడవి.

"మా నాయన కట్టెలు కొట్టిన చోటంతా బోడిగా ఉంది. మూడేండ్లు గుంతలు తీసి మొక్కలు నాటితి. ఒక్కటీ బతకల్యా. సోమవారం జేసీబీ వస్తాది, అంతా చదును చేస్తా. మీకు ఒక మాట చెప్పిపోదామని వస్తా, అంతే."

ఈసారి ఎవరికీ వంక దొరక్కూడదని ఈరన్న పట్టుబట్టాడు. మఠం వెనక అర ఎకరం కంప కొట్టించాడు. నేల గీకించి షామియానా వేయించాడు, కుర్చీలు, మైకు తెప్పించాడు. 'చిట్టడవిని కాపాడుకుందాం' అని పెద్ద బ్యానరు కట్టాడు. తానూ చేయి వేయడంతో రెండు రోజులు ముళ్లు గీరుకుని చేతులు మంటలెత్తాయి.

అయినా వంకలు దొరికాయి. ఒకాయనకు ఎండ తగులుతోంది. ఇంకొకాయనకు ముందు వరస కావాలి. మైకు అందుకున్నాయన తన బోరులో ఎన్ని అంగుళాల నీళ్లు పడ్డాయో అరగంట చెప్పాడు. ఓబులపతి గడియారం చూసుకుంటున్నాడు. ఈరన్న పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

అప్పుడు స్వామి వచ్చారు. బ్యానరు చూశారు, నేల చూశారు. చాప చంకన పెట్టుకుని, షామియానా వెనక మిగిలిన కంపలోకి వంగి దూరిపోయారు.

కాసేపటికి లోపలినుంచి పిలిచారు. "రండప్పా, ఈడ నీడ బాగుంది."

స్వామి నేల మీద కూర్చుంటే తాము కుర్చీల్లో ఎలా కూర్చుంటారు? ముందు ఆ రైతుల్లో ఒకరైన మారెక్క కొంగు దోపుకుని దూరింది. చొక్కాలు చిరుగుతాయని సణుగుతూ మిగతావాళ్లు వెనకే వంగారు. షామియానా కింద ఈరన్న ఒక్కడే మిగిలాడు, చేతిలో మైకుతో.

లోపల మొదట తిట్లు వినిపించాయి. తర్వాత, "ఇది కలివి చెట్టు కదూ, మా దాంట్లో పోయి పదేండ్లాయె" అని ఎవరో అన్నారు. తర్వాత మారెక్క గొంతు.

"ఓబులపతీ, ఈడ చూడు. ఎప్పుడో నరికిన బలుసు చెట్టు ఇది. మొదట్లోంచి ఎన్ని చిగుర్లు లేసినాయో చూడు. నువ్వు నీ అడవిలో గుంతలు తీసి ఇట్లాంటి వేర్లనే తెంపుకుంటివి."

"మీ అడవిలో నువ్వేం నాటినావక్కా?"

"ఏమీ నాటల్యా. రెండేండ్లు మేకల్ని రానీలేదు, అంతే."

చాలాసేపటికి ఓబులపతి ఫోన్‌లో మాట్లాడటం వినిపించింది. "సోమవారం రావద్దులేప్పా. పని లేదు."

సంతోషించాల్సిందే. కానీ ఈరన్నకు కోపం ఆగలేదు. స్వామి బయటికి రాగానే అడిగేశాడు.

"రెండు దినాలు చేతులు చీరుకునేట్టు చోటు చేస్తి సామీ. మీరేమో అందర్నీ ముళ్లలోకి తీసకపోతిరి. ఆడ కూర్చునేదానికి చోటన్నా ఉందా?"

స్వామి పంచెకు గుచ్చుకున్న ముల్లు తీసుకుంటున్నారు.

"ముందునుంచీ ఉన్నోళ్లను లేపకుండా కూర్చుంటే ఉందప్పా."

ఈరన్న తల దించుకున్నాడు. కాళ్ల దగ్గర, మొన్న తాను కొట్టించిన బలుసు మొదలు ఇంకా పచ్చిగానే ఉంది.