వామనరావు సారు వేసిన అంకె

కంచెపల్లి బడిలో వామనరావు అనే సారు ఉండేవాడు. మంచివాడే గానీ, మనిషికి ఒక అంకె తగిలిస్తే తప్ప ఆ మనిషి తనకు అర్థమైనట్టు అనిపించేది కాదు. ఎవరి ఎత్తెంత, ఎవరి బరువెంత, ఎవరు ఎన్ని నిమిషాల్లో ఎక్కాలు అప్పజెప్పారు, అన్నీ గోడమీది చార్టులో ఉండేవి. పిల్లలంటే ఆయనకు ప్రాణం. ఎవరికైనా జ్వరం వస్తే ఇంటికి వెళ్లి పలకరించేవాడు. తిరిగొచ్చాక ఆ జ్వరం ఎంతుందో కూడా రాసి పెట్టుకునేవాడు.

ఒక ఏడాది ఆయన పట్నం నుంచి ఐక్యూ పరీక్ష పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. నలభై ప్రశ్నలు, అరగంట సమయం. సరైన జవాబులు లెక్కేసి చివరి పేజీలోని పట్టికలో చూసుకుంటే పిల్లల తెలివి ఎంతో తేలిపోతుందని అట్టమీద రాసి ఉంది. ఐదో తరగతికి ఆ పరీక్ష పెట్టాడు. కిరాణా కొట్టు వాళ్లబ్బాయికి నూట పద్దెనిమిది వచ్చింది. బీరవ్వకు యాభై ఎనిమిది వచ్చింది. ఆ అంకెలూ గోడమీది చార్టుకెక్కాయి.

బీరవ్వ గొర్రెలు కాసే మల్కయ్య కూతురు. మంద వెంట సాయానికి మనిషి లేకపోయినా, వామనరావు పోరగా పోరగా మల్కయ్య రెండేళ్ల కిందటే ఆ పిల్లను బడిలో వేశాడు. ఇప్పుడు సంగతి దాచిపెట్టడం న్యాయం కాదనుకుని వామనరావే అతనికి కబురు పెట్టాడు.

“మల్కయ్యా, ఏమనుకోకు. పిల్లకు చదువు ఎక్కే తెలివి తక్కువగా ఉంది. యాభై ఎనిమిదే వచ్చింది” అన్నాడు.

“ఎంతకు సారూ?”

“మామూలుగా వంద రావాలి.”

మల్కయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. “అంటే సగమే ఉన్నదన్నట్టు.”

“సగమని కాదు గానీ...”

“ఏదో ఒకటి సారూ. సదువుకున్నోళ్లు, మీకు తెల్వదా. దాన్ని ఉత్తగ బెంచీమీద కూసుండబెట్టి బాధ పెట్టుడెందుకు? మంద ఎంబడి తోలుకపోత.”

వద్దని చెప్పాలని వామనరావుకు నోటిదాకా వచ్చింది. కానీ తను చెప్పిన అంకెకు తనే ఎదురెలా చెబుతాడు?

మర్నాడు బీరవ్వ పుస్తకాలు తిరిగి ఇచ్చేసింది. ఆ పిల్ల గేటు దాటుతుంటే వెనకనుంచి ఎవరో “యాభై ఎనిమిదీ, గొర్ల కాడికేనా?” అని పిలిచారు. అందరూ నవ్వారు. ఆ మాట వామనరావు చెవిన పడింది. తను వేసిన అంకె పిల్లకు పేరైపోయిందని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్న భోజనం వండే శాయమ్మ కూడా ఆ మాట విన్నది. గంటె పక్కన పెట్టి వచ్చి అడిగింది.

“సారూ, పరీక్షప్పుడు నేను చూసిన. ఆ పిల్ల ఒక్క పేజీమీదనే కండ్లు పెట్టుకుని కూసున్నది. ఏందని అడిగినవా?”

“పరీక్షలో అడగకూడదు శాయమ్మా.”

“అయినంక?”

వామనరావు లోపలికెళ్లి బీరవ్వ కాగితం తీశాడు. మొదటి ఆరు ప్రశ్నలకూ జవాబులు సరిగ్గానే ఉన్నాయి. ఏడోది ఖాళీ. అక్కణ్నుంచి చివరిదాకా అంతా ఖాళీయే. ఆయన మొత్తం వేసుకున్నాడే గానీ, ఖాళీ ఎక్కడ మొదలైందో చూడలేదు.

ఆ సాయంత్రం పుస్తకం చంకన పెట్టుకుని, ఎరువు కోసం మంద నిలిపిన చేను దగ్గరికి వెళ్లాడు. మేతకు వెళ్లిన గొర్రెలను మల్కయ్య అప్పుడే తోలుకొచ్చాడు. తడికల దొడ్డిలో గొర్రెపిల్లలు పాలకోసం అరుస్తున్నాయి. బీరవ్వ ఒక్కో పిల్లనూ ఎత్తుకుని నేరుగా దాని తల్లి దగ్గర వదులుతోంది. ఒక్కసారి కూడా తడుముకోలేదు.

“తల్లి అదేనని ఎలా తెలిసింది?” అన్నాడు వామనరావు.

“మొకం చూస్తే తెల్వదా సారూ?”

ఆయన పుస్తకం తెరిచి ఏడో ప్రశ్న చూపించాడు. అందులో ఒక మంద బొమ్మ ఉంది. దాని కింద, ఈ బొమ్మలో గొర్రెలూ పిల్లలూ కలిపి ఎన్ని అని ఉంది. “ఇదెందుకు రాయలేదు?”

“జీవాలను లెక్కబెట్టొద్దు సారూ, తరుగుతయి. మొకాలు చూసుకోవాలె. చూసిన. అన్ని పిల్లలకూ తల్లులున్నయి. ఇగో, ఈ మూతి నల్లగున్నదానికే లేదు. పిల్ల కనబడి తల్లి కనబడకుంటే ఆడికెంచి కదలొద్దని మా నాయిన చెప్పిండు. చెట్టెనక ఉన్నదేమో, రాయెనక ఉన్నదేమో అని దేవులాడిన. ఇంతల గంట కొట్టిండ్రు.”

వామనరావు బొమ్మ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. నిజమే. కాగితాలు దిద్దుతూ ఆ బొమ్మను ఎన్నోసార్లు చూశాడు. జవాబు పదకొండు అని తెలుసు. తల్లి లేని పిల్ల ఒకటి అందులో ఉందని తెలియదు. బీరవ్వ మిగిలిన సమయమంతా దాని తల్లిని వెతుకుతూనే ఉంది.

“మల్కయ్యా, తప్పు నాది. పిల్లను రేపు బడికి పంపు” అన్నాడు.

“నిన్న తెలివి లేదంటిరి, ఇయ్యాల ఉన్నదంటున్నరు. ఎల్లుండి ఇంకో పుస్తకం తెస్తిరనుకో?” అంటూ మల్కయ్య ఒక గొర్రెపిల్లను ఆయన చేతుల్లో పెట్టాడు. “దీన్ని తల్లి కాడ ఇడువుండ్రి. అరగంట టైము.”

వామనరావు మందలోకి దిగాడు. మొదటి గొర్రె పిల్లను మూతితో నెట్టేసింది. రెండోది ఆయన మోకాలిమీద పొడిచింది. మూడోదాని దగ్గర కాలు జారి కూర్చుండిపోయాడు. బీరవ్వ నవ్వు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

“నాకెంత వేస్తావు మల్కయ్యా?” అన్నాడు లేస్తూ.

“సున్నా సారూ.” మల్కయ్య నవ్వాడు. “అయితేంది, మిమ్మల్ని పొమ్మనం. సున్నా వచ్చినోణ్నే మేం ముందుగాల ఎంబడి తిప్పుకుంటం. రెండు వానకాలాలు తిరిగితే అన్నీ ఎరుకైతయి.”

మల్కయ్య అది ఎత్తిపొడుపుగా అనలేదు. తమ పద్ధతి చెప్పాడంతే. అందుకే వామనరావుకు తల ఎత్తబుద్ధి కాలేదు. తక్కువ వచ్చిన పిల్లను తను గేటు బయటికి పంపాడు.

“బడికి వస్తావా బిడ్డా?” అని బీరవ్వనే అడిగాడు.

“ఆ పేరుతోని పిలిస్తే రాను.”

“పిలవరు. ముందు నేను చెబుతాను వాళ్లకు, తప్పెవరిదో.”

మల్కయ్య సరేనన్నాడు. మర్నాడు పిల్లలందరి ముందూ ఆయన ఆ మాట చెప్పాడు. తను పొలంలో జారిపడ్డ సంగతి కూడా దాచలేదు. మంద బొమ్మ గోడకు పెట్టి, తల్లి లేని పిల్ల ఏదో చూపించమన్నాడు. నూట పద్దెనిమిది వచ్చిన అబ్బాయి కూడా తడబడ్డాడు. “కొంచెం చూపియ్యవా బీరవ్వా” అని ఆ అబ్బాయే పేరుతో పిలిచాడు. బీరవ్వ లేచి వెళ్లి చూపించింది.

వామనరావు పరీక్షలు పెట్టడం మానలేదు. కానీ దిద్దాక ప్రతి పిల్ల పక్కనా కూర్చుని, ఇదెందుకిలా రాశావు, ఇదెందుకు వదిలేశావు అని అడిగేవాడు.

పరీక్ష తాను అడిగినదాన్నే కొలుస్తుంది గానీ మనిషిలో ఉన్న తెలివినంతా కొలవలేదు. కాబట్టి ఒక్క అంకె చూసి ఎవరినీ తెలివితక్కువవాళ్లని తీసిపారెయ్యకూడదు.