భుజం మీది పసుపు గుడ్డ

ఎవరైనా ఏదైనా అడిగితే పరదేశి మేస్త్రి వెంటనే బదులు చెప్పేవాడు కాదు. భుజం మీది పసుపు గుడ్డ తీసి చేతులు తుడుచుకునేవాడు. చేతులు పొడిగా ఉన్నా తుడుచుకునేవాడు. ఆ తర్వాత, "ముందు ఆ బండి చూద్దాం పద" అనేవాడు. గాజువాక ఆటోనగర్‌లో కార్లకు రంగు వేయడం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు పాతిక ముప్పైమంది ఉంటారు. ఎక్కడ పనిచేస్తున్నా వాళ్లని ఇట్టే పోల్చుకోవచ్చు. అందరికీ ఎడమ భుజం మీద పసుపు గుడ్డ ఉంటుంది. అది గురువుగారి గుర్తని వాళ్ల గర్వం.

వాళ్లలో నూకరత్నం ఒకతె. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, రంగు వేసేముందు రేకును గరుకు కాగితంతో రుద్దే పనికి వచ్చింది. ఆమె అరచేతికున్న తెలివి చూసి మేస్త్రి తన పక్కన పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆమెకు అరవై రెండు. ఒక షోరూంలో, కొత్త కారు కొన్నవాళ్ల చేతికి వెళ్లేముందు దాని రంగు సరిగా కుదిరిందో లేదో చూసే పని ఆమెది. చేతికి పల్చటి పాలిథిన్ సంచి తొడుక్కుని కారు ఒంటి మీద మెల్లగా రాస్తుంది. వట్టి చేతికి అందని దుమ్ము నలుసు కూడా ఆ సంచిలోంచి ఇసుక రేణువులా తగులుతుంది. పైనున్న ట్యూబులైటు నీడ రంగులో తిన్నగా గీత గీసినట్టు కనపడాలి. ఆ గీత వణికిందంటే అక్కడ రంగు నారింజ తొక్కలా గతుకులు పడిందన్నమాట. ఇవన్నీ ఆమెకు కరతలామలకం.

కానీ ఈ ఏడాదిగా ఆమె తలలోంచి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. పక్కింటావిడ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మాడు వాసన వస్తేగానీ తెలియదు. ఇంట్లోనే కదా, పోనీలే అనుకుంది. మొన్న గురువారం పనిలోనూ జరిగింది. ఒక ముదురు ఎరుపు కారు ఎడమవైపంతా చూసింది. ఇంతలో ఫోను మోగింది. మాట్లాడి వచ్చి మళ్లీ ఆ ఎడమవైపే చూసి, అంతా బాగుందని సంతకం పెట్టింది. కుడివైపు వెనక తలుపు మీద రంగు చారలా కారి గట్టిపడి ఉంది. కారు కొన్న మాస్టారి చిన్నకూతురు వేలుపెట్టి మరీ చూపించింది. మేనేజరు కేకలేసినా బాగుండేది. "అమ్మా, ఇది మీరు చూసిందేనా?" అని మెత్తగా అడిగాడు. చూశానో లేదో ఆమెకు నిజంగానే తెలియదు.

ఉద్యోగం మానేస్తున్నానని శనివారం ఉత్తరం రాసి సంచిలో పెట్టుకుంది. సోమవారం ఇచ్చేయాలి. ఈ అరచేయి తప్ప ఆమెకు వేరే గొప్ప లేదు. దాన్ని కూడా వదిలేసుకుంటే ఇక తానెవరో ఎవరు గుర్తు చేస్తారని బెంగ.

ఆదివారం, ఎప్పటిలాగే, గురువుగారికి నెత్తళ్ల చేపల వేపుడు పట్టుకుని వెళ్లింది. ఆయనకి ఎనభై దాటాయి. రంగు వేయడం మానేసి చాలాకాలమైంది. అయినా ఆ పేటలో కొత్త కారు కొన్నవాళ్లు పూజకు ముందు ఆయన చేత్తో ఒకసారి తడిమించుకుంటారు. ఆ రోజు షెడ్డు ముందు ఒక నల్లకారు నిగనిగలాడుతోంది. కారు కొన్న నర్సమ్మ, చక్రాల కింద పెట్టాల్సిన నాలుగు నిమ్మకాయలు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"చూడండమ్మా, తొమ్మిదింటికి వచ్చాను. ఇదిగో అంటారు, అదిగో అంటారు, తాతగారు కారు ముట్టుకోరు. నిమ్మకాయలు నా ఒళ్లోనే ఊరగాయ అయిపోయేలా ఉన్నాయి" అంది రత్నంతో.

"పదేళ్లు తిరగాల్సిన బండి. రెండు గంటలు కూర్చుంటే అరిగిపోద్దా?" అన్నాడు మేస్త్రి.

రత్నం వేపుడు గిన్నె పక్కన పెట్టి, నిలబడే అడిగేసింది. "గురువుగారూ, మతి జారిపోతున్న మనిషి పని మానుకోవాలా?" గురువారం జరిగింది కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పి, ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "కళ్లజోడు లేదే" అని తిరిగిచ్చేశాడు. కళ్లజోడు ఆయన జేబులోంచి తొంగిచూస్తూనే ఉంది. తర్వాత చేతులు తుడుచుకుని, గుడ్డ ఎడమ భుజం మీద వేసుకుని, "ముందు ఆ బండి చూద్దాం పద" అన్నాడు.

ఎడమ ముందు దీపం దగ్గర మొదలుపెట్టాడు. సంచి తొడిగిన చెయ్యి నిద్రపోతున్న పసిదాన్ని నిమిరినట్టు కదులుతోంది. పక్కనే రత్నం నడుస్తోంది. వెనకవైపుకి వచ్చేసరికి నర్సమ్మ, "మోకాళ్ల నొప్పి ఎలా ఉంది తాతగారూ?" అని అడిగింది. అడగడమే ఆలస్యం, ఆయన రెండు మోకాళ్ల చరిత్రా మొదటినుంచి చెప్పుకొచ్చాడు. చెప్పి, తిరిగి కారు దగ్గరికి వచ్చి, ఒకసారి తన భుజం వంక చూసుకున్నాడు. గుడ్డ ఎడమ భుజం మీదే ఉంది. వెనక డిక్కీ చూడడం పూర్తిచేసి, గుడ్డ తీసి కుడి భుజం మీద వేసుకుని, కుడివైపు కూడా ముందు దీపం నుంచే మొదలుపెట్టడానికి అటు నడిచాడు.

రత్నం నిలబడిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గుడ్డని చూస్తూనే ఉంది.

"గురువుగారూ, ఆ గుడ్డ..."

"ఇరవై రెండేళ్ల వయసులో ఒక పెద్దమనిషి కారుకి రెండు తలుపులు చూడకుండా వదిలేశాను. అప్పటినుంచీ ఇదే నాకు లెక్క. ఎడమవైపు చూస్తున్నంతసేపు ఎడమ భుజం, కుడివైపుకి వస్తే కుడి భుజం. నువ్వేం అనుకున్నావ్?"

"మీ గుర్తనుకున్నాం. అందరం ఎడమవైపే వేసుకుంటున్నాం."

"చూశాను. మీ అందరికీ ఎడమవైపే చెమట పడుతుంది కాబోలనుకున్నాను" అన్నాడాయన. నర్సమ్మ ఫక్కున నవ్వింది. రత్నానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తన భుజం మీది గుడ్డని ఒకసారి తడుముకుంది. ఉతికి ఉతికి వెలిసిపోయింది గానీ, చోటు మాత్రం ఒక్కరోజూ మారలేదు.

కుడివైపు ముందు తలుపు అయ్యాక నర్సమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన తాగి, గుడ్డతో మూతి తుడుచుకుని, దాన్ని కుర్చీ మీదే వదిలేసి వచ్చాడు. కారు ముందు నిలబడ్డాడు. భుజం చూసుకున్నాడు. ఖాళీ. రెండో భుజం చూసుకున్నాడు. అదీ ఖాళీ. ఆయన కళ్లలోకి ఒక పలచని పొర వచ్చింది. ఆ పొర రత్నానికి బాగా తెలుసు. ఈ ఏడాదిగా అద్దంలో చూస్తూనే ఉంది.

"రత్నాలూ, మనం ఎక్కడున్నామే?"

"కుడివైపు గురువుగారూ. ముందు తలుపు అయిపోయింది. వెనక తలుపు మొదలుపెట్టాలి."

ఆయన చెయ్యి వెనక తలుపు మీదికి వెళ్లింది. పిడికి కింద జానెడు దూరంలో ఆగింది. రత్నం చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు. ఆవగింజలో సగం కూడా లేదు, రంగు కింద ఒక దుమ్ము నలుసు. "పాలిష్ పెడితే పోద్ది, భయపడకమ్మా" అన్నాడు నర్సమ్మతో. ఆమె తన నిమ్మకాయలతో చక్రాల దగ్గరికి పరిగెత్తింది.

రత్నం కుర్చీ మీది గుడ్డ తెచ్చి ఆయన కుడి భుజం మీద వేసింది. ఉత్తరం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"గుడ్డ సంగతి ఇవాళ తెలిసింది గురువుగారూ. కానీ గుడ్డే ఎక్కడో మరిచిపోయిన రోజున? ఇవాళంటే పక్కన నేనున్నాను కాబట్టి సరిపోయింది."

పరదేశి మేస్త్రి వేపుడు గిన్నె మూత తీసి వాసన చూసి, మళ్లీ మూత పెట్టాడు.

"తొమ్మిదింటి నుంచీ, నువ్వొచ్చేదాకా, ఆ నర్సమ్మని ఎందుకు కూర్చోబెట్టాననుకున్నావే?" అన్నాడు.