బొడ్డు వారి బుర్రలు, ఒక మేక, ఒక శాలువా

గుమ్మళ్ళలంకలో బుర్ర అనేది ఎక్కడైనా ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని బొడ్డు వారి నమ్మకం. ఊళ్ళో మిగతావాళ్ళకి ఉన్నవి ఉత్త తలకాయలట, జుట్టు మొలవడానికి తప్ప ఎందుకూ పనికిరావట. ఇంటి పెద్ద కోటిలింగం రోజూ పళ్ళు తోముకుంటూ ఈ మాట అనేవాడు. పెళ్ళాం వీరవేణి అవునండీ అనేది, తమ్ముడు దానయ్య తల ఊపేవాడు, తల్లి మంగాయమ్మ నా కడుపున పుట్టినవాడు కదా అని మురిసిపోయేది. నిరుడు వానల్లో ఇంటి కప్పు కారుతుంటే ఈ నలుగురూ తలో గొడుగూ పట్టుకుని కప్పు మీదికెక్కి కూర్చున్నారు. గొడుగుల కింద నాలుగు చోట్ల కప్పు తడవలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఇంట్లో ఉన్న బియ్యం సంగతి అడిగితే మాత్రం మాట మారుస్తారు.

అలాంటి కోటిలింగం చేతికి ఫోనొచ్చింది. ఇంకేముంది, బళ్ళో తనతో చదివినవాళ్ళు పెట్టుకున్న 'బుర్రకు పదును' అనే వాట్సాప్ గ్రూపులో చేరిపోయాడు. ఏటి పాయకి అవతలి ఒడ్డున ఎరువుల కొట్టు నడిపే పట్టాభి ఆ గ్రూపుకి పెద్ద. పొద్దున్నే ఒక పొడుపుకథో, ఒక చిక్కు లెక్కో పెట్టేవాడు. మిగతావాళ్ళు కాఫీలు తాగుతూ జవాబులు పంపేవాళ్ళు. ఒకరోజు పట్టాభి, దసరా నాటికి అందరికన్నా బాగా జవాబులు చెప్పినవాళ్ళకి అవతలి రేవు పక్క పందిట్లో మైకులో పేరు పిలిచి శాలువా కప్పుతామని ప్రకటించాడు.

శాలువా అన్న మాటని కోటిలింగం పదిసార్లు చదువుకున్నాడు. దానికో కారణం ఉంది. అతని తోడల్లుడు సత్యానందానికి నిరుడు కొబ్బరి రైతుల సంఘం వాళ్ళు శాలువా కప్పారు. అప్పటినుంచి ఆ మహానుభావుడు నడి ఎండాకాలంలో కూడా దాన్ని భుజం మీంచి దించడం లేదు. అత్తారింట్లో మొదటి గరిటె పప్పు అతనికి, అడుగంటింది కోటిలింగానికి. అల్లుళ్ళిద్దరూ ఒకే బళ్ళో చదివారు, ఒకే ఇంటి పిల్లల్ని చేసుకున్నారు, తేడా అంతా ఆ గుడ్డముక్కలోనే ఉంది. పైగా సత్యానందం కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. రెండో శాలువా కూడా అతనికే పోతే ఇక అత్తారింట్లో తనని అరుగు మీదే కూర్చోబెడతారని కోటిలింగం భయం.

మొదటి లెక్క వచ్చింది. బల్ల మీద ఐదు అరటిపళ్ళున్నాయి, రెండు నువ్వు తీసుకున్నావు, ఇప్పుడు నీ దగ్గర ఎన్ని ఉన్నాయి అని. గ్రూపులో సగంమంది ఆలోచించి మూడు అన్నారు. కోటిలింగం గెల కోయించాడు, బల్ల వేయించాడు, ఐదు పళ్ళు పెట్టి రెండు తీసుకుని చేతుల్లోకి చూసుకున్నాడు. రెండే ఉన్నాయి. రెండు అని రాశాడు. అదే ఒప్పయింది. బల్ల మీది మూడూ ఈలోగా మంగాయమ్మ తినేసింది. ఆ పూట ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక తీర్మానం చేసుకున్నారు. ఆలోచించినవాళ్ళంతా తప్పు చెప్పారు, చేసి చూసిన మనమే ఒప్పు చెప్పాం, కాబట్టి ఈ ఇంట్లో ఇకమీదట ఆలోచన మానెయ్యాలని. మానడానికి వాళ్ళకి పెద్దగా కష్టమేమీ కలగలేదు.

రెండో లెక్క కోళ్ళది. మూడు కోళ్ళు మూడు రోజుల్లో మూడు గుడ్లు పెడితే, తొమ్మిది కోళ్ళు తొమ్మిది రోజుల్లో ఎన్ని పెడతాయి అని అడిగి, పైన పెద్ద అక్షరాలతో 'దీనికి జవాబు నూటికి ఇద్దరే చెప్పగలరు' అని రాసి ఉంది. కోటిలింగం కోళ్ళ జోలికి పోలేదు, ఆ పెద్ద అక్షరాల దగ్గరే ఆగిపోయాడు. మనం నలుగురమే, నూటికి ఇద్దరైతే నలుగురిలో ఒక మనిషి కూడా పూర్తిగా రాడే అని బెంగపడ్డాడు. అయితే నూరుమందినీ పోగేద్దామండి, అందులో ఆ ఇద్దరూ ఎలాగూ ఉంటారు అంది వీరవేణి. అంతే, లంకంతా చాటించారు. ఊరికే ఎవరొస్తారు, భోజనాలన్నారు. ఏడాది తిండిగింజలు పొయ్యి మీదికెక్కాయి. విస్తళ్ళ ముందు లెక్క చదివి వినిపిస్తే బడి పంతులు గారు ఇరవై ఏడు అన్నారు. ఆయన పక్కన కూర్చున్న మంగలి కూడా ఇరవై ఏడే అన్నాడు. చివరి వరసలోంచి ఇంకొకాయన నాకూ అంతే వచ్చిందండి అన్నాడు. కోటిలింగం మండిపడ్డాడు. ఇద్దరే చెప్పాలని రాసి ఉంటే మూడోవాడివి నువ్వెలా చెబుతావని అతన్ని విస్తరి ముందునుంచి లేపేశాడు. పాపం అతను పెరుగన్నం దాకా కూడా రాలేదు.

ఇరవై ఏడు ఒప్పే. ఊళ్ళో పేరు మోగిపోయింది. ఏ పేరు మోగిందో వాళ్ళకి తెలియదు గాని, మోగడం మాత్రం వినబడింది.

మూడోది అగ్గిపుల్లల లెక్క. పుల్లలతో పేర్చిన తప్పు కూడిక బొమ్మ పెట్టి, ఒక్క పుల్ల కదిపితే సరిపోతుంది, ఏది కదపాలో చెప్పండి అన్నాడు పట్టాభి. ఈ ఇంట్లో లైటరే గాని అగ్గిపెట్టె లేదు. దానయ్య ఇల్లంతా వెతికి, గేదెల పాక గుంజలు చూసి ఆగిపోయాడు. బొమ్మలో నిలువుగా ఉన్నాయి, ఇక్కడా నిలువుగా ఉన్నాయి, సైజుదేముంది అన్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి నడిమి గుంజని కదిపారు. ఇంకేముంది, పాక కాస్తా కూలి కూర్చుంది. గేదె తాటాకుల కప్పుని నెత్తిన పెట్టుకుని అరటితోటలోకి పరిగెత్తింది. ఒక్కటి కదపమంటే అన్నీ పడేశారేంటండీ, జవాబు ఎక్కువైపోయింది కదా అని వీరవేణి కసురుకుంది. కోటిలింగం ఆ కుప్పని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. వరసగా నవ్వుతున్న బొమ్మలొచ్చాయి. తన తెలివికి అందరూ సంతోషిస్తున్నారనుకుని అతను కూడా నవ్వుతున్న బొమ్మ పెట్టాడు.

పట్టాభికి లెక్కలకన్నా నవ్వంటే ఎక్కువ ఇష్టం. కోటిలింగం లేకపోతే గ్రూపు చప్పబడిపోతుందని పాక ఫొటోకి కూడా మార్కులు వేశాడు. అలా దసరా నాటికి కోటిలింగం, సత్యానందం సమానంగా నిలిచారు. ఆ పొద్దున ఆఖరి ప్రశ్న వచ్చింది. ఒక మనిషి పులినీ, మేకనీ, గడ్డిమోపునీ ఏరు దాటించాలి. పడవలో తనతో పాటు ఒక్కటే పడుతుంది. తను లేనప్పుడు పులి మేకని తింటుంది, మేక గడ్డి తింటుంది. మూడింటినీ ఎలా దాటిస్తాడు? జవాబు సాయంత్రం పందిట్లో చెప్పాలి, సరిగ్గా చెప్పినవాళ్ళకి అక్కడే శాలువా.

చేసి చూడటమే వీళ్ళ పద్ధతి కదా. ఏటి పాయ గుమ్మం ముందే ఉంది. నావ సొంతానిది, కొబ్బరికాయల లోడంతా పట్టేంత పెద్దది. వీరవేణి పెంచుకుంటున్న మేక ఉంది, గడ్డి ఉంది. పులి ఒక్కటే తక్కువ. దసరా రోజులు కాబట్టి అదీ దొరికింది. ఇంటింటికీ తిరిగి పులివేషం ఆడే గవర్రాజు డప్పు వాయించేవాడితో సహా వీధిలో కనిపించాడు. పొద్దున్నుంచి ఆడి ఆడి నీరసంగా ఉన్నాడు. ఒంటినిండా చారలున్నాయి, తోక ఉంది. దానయ్య వెళ్ళి తోక లాగి చూసి, పులే అన్నాడు.

ముందు గడ్డిని దాటిద్దాం, ఇక్కడ పులి మేకని నిజంగా తింటుందో లేదో తేలిపోతుంది అన్నాడు కోటిలింగం. తేలకుండా పందిట్లో ఏమని చెబుతాం అని కూడా అన్నాడు. ఎందుకైనా మంచిదని గవర్రాజునే అడిగాడు.

"మేకని నీ దగ్గర వదిలి వెళితే తింటావా?"

"ఆయ్, పెడితే ఎందుకు తిననండి," అన్నాడు గవర్రాజు, ఆశగా.

అంతే. కోటిలింగం గడ్డిమోపు పడవలో వేసుకుని అవతలికి వెళ్ళి, దింపి, నిదానంగా తిరిగొచ్చాడు. ఇవతలి ఒడ్డున పొగ లేస్తోంది. గవర్రాజు, డప్పువాడు మేకని కోసి పొయ్యి మీద పెట్టేశారు. ఉప్పు చాల్లేదంటే దానయ్య ఇంట్లోంచి తెచ్చిచ్చాడు. మంగాయమ్మ మసాలా నూరింది. వీరవేణి తన మేకని తలుచుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నాలుగు ముక్కలు తింది. కోటిలింగం మాత్రం మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. లెక్కలో చెప్పింది అక్షరాలా నిజమైందని.

తీరా చూస్తే ఇప్పుడు మేక లేదు. పొద్దు వాలుతోంది. అవతల పందిట్లో మైకు సరిచేస్తున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. కోటిలింగం వేళ్ళు మడిచి చూసుకున్నాడు. మేక లేకపోతే లెక్క లేదు, లెక్క లేకపోతే జవాబు లేదు, జవాబు లేకపోతే శాలువా సత్యానందం రెండో భుజం మీదికి పోతుంది. అప్పుడు వీరవేణి కళ్ళు తుడుచుకుని ఉపాయం చెప్పింది.

"మీరు మేకవండి. నేను మనిషినవుతాను."

ఇంత తెలివైన దాన్ని కట్టుకున్నందుకు కోటిలింగం తన అదృష్టానికి పొంగిపోయాడు. మేక పలుపుతాడు తన మెడలో వేయించుకున్నాడు. మొదట్నుంచీ మొదలుపెట్టాలి కదా అని దానయ్య వెళ్ళి అవతలి ఒడ్డునున్న గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వంతెన మీంచి నడిచొచ్చాడు. అవును, వంతెన ఉంది. రేవుకి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది, బస్సులు కూడా తిరుగుతాయి. దానయ్య, మంగాయమ్మ, డప్పువాడు లెక్కలో లేరు కాబట్టి మళ్ళీ దాని మీంచే పందిట్లోకి వెళ్ళిపోయి ముందు వరసలో కూర్చున్నారు.

వీరవేణి మేకని పడవెక్కించి అవతలికి తీసుకెళ్ళి, రేవులో కట్టుకొయ్యకి కట్టేసి, పులి కోసం వెనక్కి బయలుదేరబోయింది. అప్పుడే మైకులో పట్టాభి గొంతు వినిపించింది. బొడ్డు కోటిలింగం గారు వేదిక మీదికి రావాలి అని. కోటిలింగం పలుపుతాడు బిగిసేదాకా ముందుకి ఉరికాడు.

"వేణీ, నన్నేనే పిలుస్తున్నారు."

"మేకనెవరు పిలుస్తారండి. మాట్లాడకుండా నిలబడండి," అని ఆవిడ తెడ్డేసుకుని వెళ్ళిపోయింది.

పులిని తెచ్చింది. గవర్రాజుని దింపి చూస్తే, ఇద్దర్నీ ఒకే ఒడ్డున వదలడానికి ఆవిడ గుండె ఒప్పలేదు. మధ్యాహ్నం ఒక మేకని తిన్నవాడు, ఈపాటికి అరిగిపోయి ఉంటుంది. అందుకని మొగుడి పలుపు విప్పి మళ్ళీ పడవెక్కించింది. ఏటి మధ్యలో ఉండగా మైకు రెండోసారి పిలిచింది. సత్యానందం లేచి పంచె సర్దుకోవడం కోటిలింగానికి దూరం నుంచే కనిపించింది. పందిరి వెనక్కి వెనక్కి పోతోంది. ఇన్నాళ్ళ ఆశ కళ్ళముందే నీళ్ళపాలవుతుంటే అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. మేక ఏడవదు కాబట్టి మే అన్నాడు.

మేకని ఇవతల దింపింది, గడ్డిని ఎక్కించుకుంది, పులి దగ్గర పెట్టింది, ఆఖరిసారి వచ్చి మేకని ఎక్కించుకుని అవతల దింపింది. ఆలోచించి చేస్తే ఎక్కడ తప్పేదో గాని, భయపడి చేసింది కాబట్టి జవాబు అచ్చంగా సరిపోయింది. ఈ తతంగమంతా పందిట్లో జనం కుర్చీలెక్కి చూస్తున్నారు. సత్యానందం చెయ్యి చాచి నిలబడే ఉన్నాడు. పట్టాభి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, శాలువా తీసుకుని తనే రేవులోకి దిగొచ్చాడు. ఇంతకన్నా సరైన జవాబు ఇంకెవరూ చెప్పలేరని మైకులో చెప్పి కోటిలింగానికి పలుపుతాడు మీదుగానే శాలువా కప్పాడు. జరీ అంచుది, చిలకపచ్చ రంగుది. కోటిలింగానికి ఒళ్ళు పులకరించింది. పుట్టి బుద్ధెరిగాక, అంటే ఇంకా ఎరగలేదనుకోండి, అంత సంతోషం అతనెప్పుడూ ఎరగడు. జనంలో అత్తగారు కూడా చప్పట్లు కొట్టింది. సత్యానందం ముఖం మాడిపోయింది.

ఇక మేకనీ, పులినీ, గడ్డినీ మళ్ళీ దాటించుకుని ఇంటికి వెళ్ళాలి. వీరవేణి పడవలో నిలబడి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఒక్కటే పడుతుందండి. మేకా, శాలువానా?"

పట్టాభి బిత్తరపోయాడు. "ఒరేయ్ కోటీ, కప్పుకుని ఎక్కరా. లేదంటే వంతెన మీంచి పో."

"ఒక్కటే అని నువ్వే రాశావు కదరా," అన్నాడు కోటిలింగం, జాలిగా చూస్తూ. శాలువా కప్పినవాడే ఇలా మాట్లాడుతున్నాడేమిటని అతనికి ఆశ్చర్యమేసింది.

శాలువా తీసి మడత పెట్టాడు. దాన్ని ఎక్కడ ఉంచాలి? మేక దగ్గర ఉంచకూడదు, మేకలు గుడ్డలు నమిలేస్తాయి. ముందు శాలువాని పంపితే మేక పులి దగ్గర ఒంటరిగా మిగులుతుంది. మొగుడూ పెళ్ళాలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. ఆఖరికి తేలిందేమిటంటే, లోకంలో పులి ఎక్కడా బట్టలు తిన్నట్టు వినలేదు. కోటిలింగం తన చేతుల్తో తనే గవర్రాజుకి శాలువా కప్పి, మళ్ళీ వచ్చేదాకా జాగ్రత్త అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆయ్, ప్రాణంలా చూసుకుంటానండి అన్నాడు గవర్రాజు.

పడవ ఏటి మధ్యకొచ్చేసరికి డప్పు మోగింది. పులి శాలువా కప్పుకుని, తోక ఊపుకుంటూ వంతెన మీద నడిచిపోతోంది. ఇవతలి ఒడ్డుకి దిగి, రేవు వైపు కాకుండా బస్సులు ఆగే చోటు వైపు తిరిగింది. బస్సొచ్చింది, పులి ఎక్కింది.

"చూశారా, పులి తనంతట తనే దాటేసింది. మనకి ఒక తిరుగుడు కలిసొచ్చింది," అంది వీరవేణి.

కోటిలింగం నిండుగా తల ఊపాడు. ఆవిడ అతన్ని రేవులో కొయ్యకి కట్టేసి గడ్డి తేవడానికి వెళ్ళింది. అతను ఫోను తీసి గ్రూపులో, శాలువా భద్రంగా ఉంది, పులి రాగానే కప్పుకుంటాను అని రాశాడు. పులి రావాలని మేక ఎదురుచూడటం లోకంలో అదే మొదలు. మీరెవరైనా గుమ్మళ్ళలంక రేవు మీదుగా వెళితే కాస్త ఆ పలుపుతాడు విప్పి పోండి, విప్పుకోవచ్చని ఆయనకి తోచదు.