తువాలు చుట్టిన గాజు వాజు

రోజ్‌లిన్‌కి మంచి వస్తువు దొరికిన రోజు నాకు అన్నం సహించదు. ఈ మాట ఇంతవరకు నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. మేమిద్దరం ఏలియా మాస్టారి దగ్గర పాత గాజు సామాను గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాం. విశాఖ వన్‌టౌన్‌లో ఆయనది చిన్న కొట్టు. ఆయన దగ్గరికి రాకముందే నేను దొరికిన పుస్తకమల్లా చదివి, వీడియోలు చూసి, సొంతంగా కొంత నేర్చుకున్నాను. రోజీ ఏమీ చదవదు. పాత ఇల్లు పడగొడుతున్నారంటే చాలు, అక్కడ ప్రత్యక్షం. మంచివన్నీ దాని చేతికే తగులుతాయి.

మొన్న మాస్టారు ఊళ్ళో లేనప్పుడు రోజీ ఒక పూలవాజు పట్టుకొచ్చింది. పొట్టంతా ఎర్రపూత, పాదం తెల్లగాజు. భీమిలిలో ఎవరో పారేయబోతుంటే అడిగి తెచ్చుకుందట.

"నువ్వు చదివినదానివి కదే భానూ, ఇదెప్పటిదో చెప్పు" అంది. ముఖం వెలిగిపోతోంది. నేను వాజు తిరగేసి అడుగు చూశాను. చూసినంతసేపూ నా కళ్ళలో రోజీ ముఖమే ఉంది.

"కొత్తదే. పాతదానిలా చేసి అమ్ముతున్నారు" అన్నాను. అబద్ధమాడుతున్నాననుకోలేదు. నాకు అలాగే కనబడింది.

రోజీ వాజుని నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత నవ్వేసింది. "పోన్లే, అడుగున కన్నం వేయించి, వైరు దూర్చి టేబుల్ లైటు చేయించేస్తాను. మా అమ్మ సంబరపడతాది."

ఆ పూట నేను అన్నం మారు వడ్డించుకుని తిన్నాను.

మాస్టారికి ఒక అలవాటు. ఏదడిగినా జవాబు చెప్పరు, ఏదో ఒక వస్తువు చేతిలో పెడతారు. నిన్న సాయంత్రం రోజీ లేకుండా చూసుకుని అడిగాను. కిటుకేదైనా ఉంటే నాకొక్కదానికే దక్కాలని.

"మాస్టారూ, పేరు లేని వాజుని ఎవరు చేశారో, దాని వయసెంతో ఎలా తెలుస్తుంది?"

ఆయన లోపలికెళ్ళి తువాలు చుట్టిన వాజొకటి తెచ్చి, బోర్లించి నా చేతుల్లో పెట్టారు. పాదం అడుగు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

"చెప్పు" అన్నారు.

లైటు దగ్గర పెట్టి చూశాను. బల్లకి ఆనే అంచు మీద మాత్రమే సన్నని గీతలు, ఒకటి ఇటు, ఒకటి అటు. పాతదిగా కనబడాలని గరుకు కాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే దారిన పోతాయి. ఇవి ఎన్నో చేతులు ఎన్నో ఏళ్ళు ఎత్తి దించిన గీతలు. పని చేసేటప్పుడు గాజుని అంటించి పట్టుకున్న ఇనప కడ్డీ నుంచి విడగొట్టిన మచ్చ మధ్యలో ఉంది. దాన్ని సానబట్టి నున్నగా చేశారు, ఆ సాన ఒక పక్కకి కొంచెం వాలింది. కొట్లో ఉన్న నీలం గిన్నెకీ అచ్చం ఇదే వాలు. ఆ గిన్నె మీద ఐరోపాలోని బొహీమియాలో తొంభై ఏళ్ళ కిందటే మూతబడిన కార్ఖానా ముద్ర ఉంది.

"తొంభై ఏళ్ళ పైమాటే మాస్టారూ. నోటితో ఊదింది. నీలం గిన్నె ఎక్కడ పుట్టిందో ఇదీ అక్కడే పుట్టింది." నా గొంతులో గర్వం నాకే వినబడింది.

ఆయన తువాలు లాగేశారు. ఎర్రపూత. రోజీ వాజు.

"కొత్తదన్నావంట. ఇంతలోనే తొంభై ఏళ్ళు పెరిగిపోయిందేటమ్మా?"

నేను ఎర్రపూత వంకా, అడుగు వంకా మార్చి మార్చి చూశాను.

"రేపు పొద్దున్న కన్నం వేసేవోడొస్తాడు, వాడికిచ్చీమని పెట్టి వెళ్ళింది" అన్నారాయన. నా బొటనవేలు సరిగ్గా పాదం మధ్యన ఉంది, డ్రిల్లు దిగే చోట.

"మరి మీరు రోజీకి చెప్పలేదా?"

"నన్నడిగిందేటి? నిన్నడిగింది."

వాజు పాతదని చెప్పడం ఎంతసేపు. మరి అప్పుడు అలా ఎందుకన్నావే అని రోజీ అడుగుతుంది. దానికేం చెప్పను? "మీరే చెప్పీయండి మాస్టారూ, మీ మాటైతే నమ్ముతుంది" అన్నాను.

ఆయన తువాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"చూడ్డానికి తువాలు కావలసొచ్చింది నీకు. చెప్పడానికి కూడా కావాలేటి?"

వాజుని రెండు చేతులతో బల్ల మీద దించాను. రోజీకి ఫోన్ నేనే చేస్తాను.