అడవిని కొలిచిన కుంచం

అనగా అనగా కొండను ఆనుకుని ఓ చిన్న రాజ్యం. అక్కడ ధాన్యం కొలిచేవాడు కోనప్ప. కుంచం నింపి, అంచు మీద చెయ్యి దువ్వి, ఒకటికి బదులు లాభం అంటూ, "లాభం, రెండు, మూడు" అని పాడుతూ కొలిచేవాడు. గింజ తప్పేది కాదు. గింజ తప్ప ఇంకేమీ తెలిసేదీ కాదు.

ఓనాడు రాజు అతణ్ణి పిలిచాడు.

"కోనప్పా, కొండకింది బడికి గురువు కావాలి. ముగ్గురు వచ్చారు. పక్క కొండ బడిలో ఆశబోతును పెట్టాం. వాడి దగ్గర చదివినవాళ్లే చెట్లన్నీ కొట్టి అమ్ముకున్నారు, వాగు ఎండింది. వీళ్లలో ఎవరికి అడవి మీద ఎంత ఆశ ఉందో కొలిచి చెప్పు."

కోనప్పకు తల తిరిగింది. ఆశను కుంచంలో ఎలా పోస్తారు? కాదనడానికీ లేదు. తన మనవరాలు చదవబోయేది ఆ బడిలోనే.

ముగ్గురికీ తలో కుంచం ఇచ్చాడు. "అడవికి పోయి మీకు నచ్చింది తెండి" అన్నాడు. తక్కువ తెచ్చినవాళ్లకే ఆశ తక్కువని అతని లెక్క.

సాయంత్రానికి శరభయ్య చెట్ల బంక గోపురంలా పోసుకొచ్చాడు. కనకాంగి సగం కుంచం ఇప్పపూలు తెచ్చింది. విస్సన్నది ఖాళీ కుంచం.

"అడవి తల్లి కదయ్యా. తల్లి ఒంటిమీది నగ తీస్తామా?" అన్నాడు విస్సన్న, కళ్లు దించుకుని.

కోనప్ప కనకాంగి వైపు తిరిగాడు. "పూలు చాల్లేదా అమ్మాయ్?"

"బోలెడు రాలాయయ్యా. ఎలుగుబంటి వచ్చింది, దాని వంతు దానికి వదిలాను."

లెక్క ప్రకారం విస్సన్నే గురువు. మరి మనసెందుకు ఒప్పుకోదు? సగం కుంచమంటే సగం ఆశా? కోనప్పకు అన్నం సయించలేదు.

"ఏమయ్యా, తక్కువ తెచ్చినవాళ్లదే గెలుపని సత్రం అరుగు మీద కూర్చుని ఊరంతటికీ చెప్పావుగా," అంది భార్య సూరాలు. "ఆ మాట విస్సన్న చెవిన పడి ఉండదా? అయినా, కల్లం ఊడ్చుకుపోయేవాడికీ, పిట్టకు నాలుగు గింజలు వదిలేవాడికీ తేడా కుంచంలో కనబడుతుందా? పోయి కల్లం చూసిరా."

తెల్లవారి కోనప్ప అడవికి పోయాడు. శరభయ్య వెళ్లిన చోట చెట్లకు చుట్టూ గాట్లే, బెరడు ఒలిచి ఉంది. విస్సన్న వెళ్లానన్న దారిలో అడుగుజాడే లేదు. అడవి మొదట్లో ఓ చెట్టు నీడన పరిచిన చాప, తిని పారేసిన అరటితొక్కలు ఉన్నాయి. ఇప్పచెట్టు కింద మాత్రం పిల్లనేసుకుని ఎలుగుబంటి పూలు తింటోంది. కోనప్ప చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచాడు.

"కనకాంగిని పెట్టండి ప్రభూ," అన్నాడు రాజుతో.

"ఖాళీ కుంచం తెచ్చినవాణ్ణి కాదనా?"

"ఖాళీ కుంచం తేవడానికి అడవికి పోనక్కర్లేదు ప్రభూ."

ఎవరి ఆశ ఎంతో తెలియాలంటే వాళ్లు ఇంటికి తెచ్చింది కాదు, చెట్టు కింద వదిలింది చూడాలి.