రోకలికి తోడేలు

ఒకానొక మెట్టరాజ్యంలో ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. అలాంటప్పుడు అక్కడి ఆడవాళ్ళు ఒక కప్పను పట్టి, వేపాకులతో రోకలికి కట్టి, పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఏ ఇంటి యజమాని ఆ ఇంటి గడపలోకి వచ్చి దాని మీద నీళ్ళు పోస్తాడు. మొదటి ఇల్లు ఎప్పుడూ రాజుగారి కోటే.

రాజు రణభైరవుడికి ఒక సందేహం వచ్చింది. ఆయనకు సందేహం వచ్చిందంటే జనానికి కష్టం వచ్చినట్టే.

"అసలు కప్పలో ఏముంది?" అన్నాడు సభలో. "దాని బెకబెక వీధి చివరికే వినిపించదు. నా బోనులోని తోడేలు ఊళ వేస్తే గుట్ట అవతలి మేకలు వణుకుతాయి. మరి వరుణదేవుడికి ఏది వినిపిస్తుంది? రేపు రోకలికి తోడేలును కట్టండి. కాదన్నవాళ్ళు రాజ్యం విడిచిపోవాలి."

"దివ్యమైన ఆలోచన ప్రభూ," అన్నాడు మంత్రి. మోసేది ఆయన కాదు కదా.

కప్పపాటలు పాడే ఈరమ్మ విదూషకుడు కొండుభట్టు దగ్గరికి పరుగెత్తింది. "సామీ, మోస్తే అది పీక్కుతింటుంది. మోయకుంటే రాజు తరుముతాడు. పిల్లలు గలదాన్ని, యాడికి పోను?"

"ఎక్కడికీ పోవద్దు. రేపు కోట ముందుకొచ్చి పాట ఎత్తుకో, చాలు," అన్నాడు భట్టు.

తెల్లవారింది. బండి మీద తోడేలు బోను కోట ముందుకు వచ్చింది. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఏం జరుగుతుందోనని జనం మిద్దెలెక్కి తొంగిచూస్తున్నారు. ఈరమ్మ పాట ఎత్తుకుంది.

కొండుభట్టు నీళ్ళబిందె రాజు చేతికిచ్చాడు. "ఆచారం ప్రభూ. తమరు దగ్గరికి వెళ్ళి దాని నెత్తిన నీళ్ళు పోసి, నుదుట కుంకుమ పెట్టాలి. బోను తలుపు తీయించమంటారా?"

రాజు ఒక అడుగు వేశాడు. తోడేలు పళ్ళు చూపింది. రాజు బిందెతో సహా వెనక్కి తగ్గాడు.

"మంత్రీ, నీళ్ళు నువ్వు పొయ్యి."

మంత్రి అప్పటికే స్తంభం చాటున ఉన్నాడు.

"కప్పలో ఏముందని నిన్న అడిగారు," అన్నాడు భట్టు మెల్లగా. "కప్ప వస్తే జనం బిందెతో గడపలోకి వస్తారు. తోడేలు వస్తే గడియ పెట్టుకుంటారు. గడియ పెట్టిన వీధిలోకి వాన మాత్రం ఎలా వస్తుంది ప్రభూ?"

వీధిలో మూసుకున్న తలుపుల వంక రాజు ఒకసారి చూశాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. బోనును వెనక్కి పంపి, కప్పను తెమ్మన్నాడు. తన భుజం మీది పట్టుశాలువా తీసి భట్టుకు కప్పబోయాడు.

భట్టు చెమట తుడుచుకున్నాడు. "వాన పడ్డాక ఇప్పించండి ప్రభూ. ఈ ఎండలో శాలువా కప్పితే, మెచ్చారో శిక్షించారో జనానికి తెలియదు."